ఆస్పత్రి స్టాఫ్‌కు ఎన్‌95 డబ్బాలే కొనాలా, కడిగి వాడుకునే రబ్బరు మాస్కులు అడగాలా?

నల్గొండ సిస్టర్:

అందరికీ నమస్తే. నల్గొండ జిల్లాలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. డ్యూటీ ఛాతీ వార్డులో. టీబీ పేషెంట్లు, మందులకు లొంగని టీబీ ఉన్నవాళ్లు కూడా మా దగ్గరికే వస్తారు. కాబట్టి మాకు మాస్క్ కరోనాతో మొదలైంది కాదు, కరోనాతో పోయిందీ కాదు.

మళ్లీ అలాంటి ముప్పు వస్తే మొదటి మూడు నెలలకు ఏమేం నిల్వ ఉండాలో వార్డుల వారీగా రాసివ్వమని మా మేడం అడిగారు. గ్లవ్స్, గౌన్లు, ఆక్సిజన్ సామాను రాసేశాను. రెస్పిరేటర్ల (పీల్చే గాలిని వడకట్టే మాస్కుల) దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఎప్పటిలాగే "ఎన్‌95, ఇన్ని డబ్బాలు" అని రాయాలా, లేక ఫ్యాక్టరీల్లో పెట్టుకునే, కడిగి మళ్లీ మళ్లీ వాడే రబ్బరు మాస్కులు అడగాలా?

ఈ ఆలోచన ఎందుకొచ్చిందో చెప్తాను. మొదటి వేవ్‌లో నేను వేరే చోట పనిచేసేదాన్ని. రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చి 2న బయటపడింది. ఆ నెలాఖరుకే మా స్టోర్‌లో ఎన్‌95లు అడుగంటాయి. తలా ఒకటి ఇచ్చి, పాడయ్యేదాకా అదే వాడుకోమన్నారు. ఎండలు ముదిరాయి, ఒంటి మీద పీపీఈ సూటు, వార్డులో ఏసీ లేదు. మాస్క్ లోపలి పొర చెమటకు తడిసి ముక్కుకు అతుక్కునేది. గట్టిగా ఊపిరి పీలిస్తే గుడ్డ లోపలికి వచ్చి పెదాలకు తగిలేది. ఎలాస్టిక్ సాగితే ముడి వేసుకున్నాం, తెగితే స్టేప్లర్ కొట్టుకున్నాం. పిన్ను దిగిన చోట రంధ్రం పడుతుందని తెలియని వాళ్లు ఎవరూ లేరు, కానీ ఇంకో దారి లేదు. ఇంకొకటి అడిగితే "సంతకం పెట్టి తీసుకున్నారు కదా సిస్టర్" అనేవారు. సొంత డబ్బుతో బయట కొన్నవాటిలో చాలావరకు చెవులకు తగిలించుకునే రకం. లోపల ఫిల్టర్ ఉందో లేదో దేవుడికే ఎరుక. మాతోపాటు అదే వార్డు ఊడ్చే ఆయమ్మలకు అవి కూడా లేవు, సర్జికల్ మాస్కే. పేషెంటు దగ్గితే మా మీద పడే గాలే కదా వాళ్ల మీదా పడేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఈమధ్య మా చిన్నమ్మ కొడుకు ఇంటికొచ్చి ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. మూతికి బూడిద రంగు రబ్బరు మాస్క్, చెరో బుగ్గ మీద ఒక గుండ్రటి క్యాట్రిడ్జ్. "నా పేరు రాసి ఇచ్చారక్కా, షిఫ్ట్ దిగాక కడిగి లాకర్‌లో పెట్టుకుంటా" అన్నాడు. చేరినప్పటి నుంచి అదే మాస్క్ అట, క్యాట్రిడ్జ్‌లే మారుస్తారట. రసాయనాల దగ్గర నిలబడే మనిషికి పేరు రాసిన మాస్క్ ఒకటి సొంతంగా ఉంది. రోగి నోట్లో గొట్టం వేసేటప్పుడు పక్కన నిలబడే నర్సుకు ఎందుకు ఉండకూడదు? లారీలు ఆగినా, విమానాలు ఆగినా ఆ మాస్క్ నా దగ్గరే ఉంటుంది కదా.

అయితే వార్డులో పనికొస్తుందా అన్నది తెలియాలి. వైరస్‌ను, టీబీ క్రిమిని నిజంగా ఆపుతుందా? ఎలా కడగాలి, ఎవరు కడగాలి? మాట వినపడుతుందా? ఊపిరి బయటికి వదిలే వాల్వ్ ఉంటే మన ఊపిరి రోగి మీదకు పోదా? అసలు ఆస్పత్రుల్లో ఎవరైనా వాడి చూశారా? తెలిసినవాళ్లు చెప్పండి. పై వాళ్ల ముందు పెట్టే కాగితం ఇది, గాలి మాటలు రాయలేను.


జడ్చర్ల సేఫ్టీ:

అక్కా, నేను జడ్చర్ల దగ్గర ఒక ఫార్మా యూనిట్‌లో సేఫ్టీ విభాగంలో ఉన్నాను. ఈ మాస్కులు ఇవ్వడం, సరిపోయాయో లేదో చూడడం రోజూ చేసే పనే. ముందు ఒక హెచ్చరిక. మీ తమ్ముడి మాస్క్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి వార్డులో పెట్టుకోవద్దు. అతను వాడేది బహుశా ద్రావకాల ఆవిరి కోసం ఇచ్చిన క్యాట్రిడ్జ్. అందులో బొగ్గు ఉంటుంది, వాయువును పీల్చుకుంటుంది. గాలిలో తేలే తుంపరను, క్రిమిని ఆపడం దాని పని కాదు. మీకు కావాల్సింది కణాలను ఆపే ఫిల్టర్. అమెరికా పద్ధతి రంగుల్లో ఆవిరిది నలుపు, పీ100 అనే కణాల ఫిల్టర్‌ది ముదురు గులాబీ. మాస్క్ అదే, బిగించే ఫిల్టర్ వేరు. ముక్కు, నోరు మాత్రమే కప్పే ఈ రకాన్ని హాఫ్ మాస్క్ అంటారు. ఇండెంట్ అంటే మీరు సామాను కావాలని రాసిచ్చే కాగితమే. ఇండెంట్‌లో "హాఫ్ మాస్క్, క్యాట్రిడ్జ్‌తో" అని మాత్రమే రాస్తే ఏదో ఒకటి అంటగడతారు. పీ100 అని స్పష్టంగా రాయండి.

ఎన్‌95 అంటే పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన 0.3 మైక్రాన్ల సైజు కణాలను కూడా కనీసం 95 శాతం ఆపాలి. పీ100 అయితే 99.97 శాతం. కానీ అక్కా, ఈ అంకెలను చూసి మురిసిపోతే లాభం లేదు. ఫిల్టర్ ఎంత మంచిదైనా బుగ్గ పక్కన సందు ఉంటే గాలి ఆ సందులోంచే వస్తుంది. అందుకే మా దగ్గర ఫిట్ టెస్ట్ చేయకుండా ఎవరికీ మాస్క్ ఇవ్వం. తల మీద ఒక హుడ్ వేసి, లోపల శాక్రిన్ గానీ చేదు ద్రావణం గానీ పొగమంచులా కొడతాం. తల అటూ ఇటూ తిప్పమంటాం, వంగమంటాం, మాట్లాడమంటాం. నాలుకకు తీపి తగిలిందా, ఆ మాస్క్ ఆ మనిషికి పనికిరానట్టే. రబ్బరు మాస్కులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో దొరుకుతాయి. ఒకే సైజు ఎన్‌95 అందరికీ ఇస్తే సన్నటి ముఖాలున్న ఆడవాళ్లకు గడ్డం కింద వదులైపోవడం నేను చాలాసార్లు చూశాను. మీ నర్సుల్లో ఎక్కువమంది అలాంటి వాళ్లే అయ్యుంటారు.

ఫిట్ టెస్ట్ ఏడాదికోసారి. పెట్టుకున్న ప్రతిసారీ చేయాల్సింది మాత్రం సీల్ చెక్. రెండు ఫిల్టర్లను అరచేతులతో మూసి మెల్లగా ఊపిరి పీల్చాలి. మాస్క్ ముఖానికి అతుక్కుని అలాగే ఉండాలి. తర్వాత ముందున్న వాల్వ్ మూసి ఊదాలి, అంచుల నుంచి గాలి పోకూడదు. అలవాటైతే అర నిమిషం పని. మగవాళ్లయితే గడ్డం గీసుకోవాల్సిందే, అంచు కింద రెండు రోజుల గడ్డం ఉన్నా గాలి దూరుతుంది.

కడిగే పద్ధతి: ముందు ఫిల్టర్లు తీసి పక్కన పెట్టాలి, వాటిని నీళ్లలో ముంచకూడదు. పైన గట్టి ప్లాస్టిక్ డొప్ప ఉన్న రకమైతే డొప్పను తుడవొచ్చు. దూది బిళ్లలా మెత్తగా ఉండే రకాన్ని తుడవడానికి కుదరదు, అందుకే ఆస్పత్రికి డొప్ప ఉన్నదే అడగండి. మిగతా మాస్క్‌ను విడదీసి సబ్బు నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడగాలి. నీళ్ల వేడి 43 డిగ్రీలు మించకూడదు. మన దగ్గర మే నెలలో పైన ట్యాంకు నీళ్లే అంత కాలుతుంటాయి, చెయ్యి పెట్టి చూసుకోండి. అమెరికా పరిశ్రమల నిబంధన ప్రకారం ఆ తర్వాత 50 పీపీఎం (పది లక్షల పాళ్లకు 50 పాళ్లు) క్లోరిన్ నీళ్లలో రెండు నిమిషాలు ఉంచాలి. మీ దగ్గర ఉండే 1 శాతం హైపోక్లోరైట్ అయితే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు. నేల తుడిచే ద్రావణంలో అలాగే ముంచితే రబ్బరు గట్టిపడిపోతుంది. ఆస్పత్రికి ఎంత గాఢత కావాలో ఆ మాస్క్ తయారీదారు ఇచ్చే కాగితంలో ఉంటుంది, దానికే కట్టుబడండి. మంచి నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి.


పాలమూరు మత్తు డాక్టర్:

సిస్టర్, మీ ప్రశ్న చాలా అవసరమైనది. కరోనా టైమ్‌లో గొంతులోకి ట్యూబులు వేసే పని మా మత్తు డాక్టర్లదే, కాబట్టి దీని మీద చాలా చదివాను, కొంత వాడాను కూడా.

ఆస్పత్రుల్లో వాడారా అంటే, వాడారు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు టీబీ ఆస్పత్రిలో కరోనాకు చాలా ఏళ్ల ముందు నుంచే సిబ్బంది ఈ రబ్బరు మాస్కులే వాడుతున్నారు. మీ వార్డుకు అచ్చంగా సరిపోయే ఉదాహరణ అదే. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చి ఎన్‌95లు దొరక్క మేరీల్యాండ్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ వీటిని తెచ్చింది, ఆ తర్వాత కూడా వదల్లేదు. 2020లో పిట్స్‌బర్గ్‌లోని అల్లెఘెనీ హెల్త్ నెట్‌వర్క్ పెద్ద ఎత్తున వీటికి మారింది. ఎన్‌95లను శుభ్రం చేసి మళ్లీ వాడే ఖర్చుతో పోల్చితే నెలకు కనీసం పదింతలు తక్కువ పడిందని అక్కడి డాక్టర్లు అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ జర్నల్‌లో రాశారు. ఈ మాట మీ కాగితంలో పెట్టొచ్చు.

రక్షణ సంగతి. లెక్కలో ఎన్‌95కీ, రబ్బరు హాఫ్ మాస్క్‌కీ ఒకే రేటింగ్ ఇస్తారు, 10. అంటే సరిగ్గా పెట్టుకుంటే బయటి గాలిలో ఉన్నదాంట్లో పదో వంతుకు మించి లోపలికి రాదని. పైన తమ్ముడు చెప్పినట్టు ఫిల్టర్ తేడా కన్నా అంచుల తేడాయే ఎక్కువ. కాకపోతే కొత్త ఎన్‌95కీ, మీరు స్టేప్లర్ కొట్టుకున్న ఎన్‌95కీ పోలికే లేదు. రబ్బరు మాస్క్ గొప్పతనం అక్కడుంది: పదో వారంలో కూడా మొదటి రోజు లాగే పట్టుకుని ఉంటుంది.

ఎన్‌95ను కడిగి ఎందుకు వాడకూడదో కూడా మీ స్టాఫ్‌కు చెప్పండి. దాని నడిమి పొర పాలీప్రొపిలీన్ పోగులతో చేసింది, ఆ పోగుల్లో విద్యుదావేశం నింపి ఉంటుంది. సన్న కణాలను లాగి పట్టేది ఎక్కువగా ఆ ఆవేశమే. సబ్బు తగిలినా, స్పిరిట్ తగిలినా, శానిటైజర్ కొట్టినా అది పోతుంది. చూడ్డానికి మాస్క్ బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. అందుకే అప్పటి సూచనల్లో తలా ఐదు మాస్కులు ఇచ్చి, వాడినదాన్ని కాగితపు కవర్లో ఆరబెట్టి, కనీసం ఐదు రోజులకు మళ్లీ తీయమన్నారు. ప్లాస్టిక్ మీద ఈ వైరస్ మూడు రోజుల దాకా కనిపించిందన్న పరిశోధన దానికి ఆధారం. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో శుద్ధి చేసే యంత్రాలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో అత్యవసర అనుమతి ఇచ్చి, సరఫరా కుదుటపడ్డాక 2021 జూన్ చివర్లో వెనక్కి తీసుకుంది. గతి లేనప్పుడు చేసిన ఏర్పాటు అది, దాన్నే పద్ధతిగా పెట్టుకోకూడదు.

ఇక ఇబ్బందులు. వాల్వ్ గురించి మీ భయం నిజమే. మామూలు రబ్బరు మాస్క్‌లో వదిలే ఊపిరి ఫిల్టర్ కాకుండా బయటికి పోతుంది. అందుకే ఆపరేషన్ టేబుల్ మీద కోత తెరిచి ఉన్నప్పుడు వాల్వ్ మాస్క్ నేను పెట్టుకోను. వాల్వ్ లేని రకానికి అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది, మన దగ్గర తెప్పించడం కష్టంగానే ఉంది. మీ టీబీ వార్డులో సంగతి వేరు. అక్కడ క్రిమి రోగి నుంచి మీ వైపు వస్తోంది, మీ నుంచి రోగికి కాదు. కరోనా లాంటిదైతే మీకూ లక్షణాలు లేకుండా ఉండొచ్చు, అప్పుడు వాల్వ్ మీద సర్జికల్ మాస్క్ కప్పుకోవాలి.

మాట విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నాకు ఎదురైన పెద్ద కష్టం అదే. ఒక ముసలామెకు ట్యూబు వేసే ముందు ధైర్యం చెబుదామని వంగి నాలుగు మాటలన్నాను. "ఏమంటున్నవ్ బిడ్డా, వినొస్తలేదు" అంది. మళ్లీ చెప్పాను, మళ్లీ అదే మాట. పక్కనున్న సిస్టర్ చెవి దగ్గర అరిచి చెబితే అప్పుడు తల ఊపింది. ఆ తర్వాత నుంచి చెప్పాల్సినవి అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాం. చదువు రాని వాళ్లకు చేతి సైగలు. ఎమర్జెన్సీలో డోసు చెప్పేటప్పుడు ఎదుటివాళ్లు తిరిగి చెప్పాలన్న రూలు పెట్టుకున్నాం, ఫిఫ్టీనో ఫిఫ్టీయో సరిగ్గా వినపడలేదంటే ప్రాణం మీదకొస్తుంది.


నల్గొండ సిస్టర్:

సార్, తమ్ముడూ, ఇద్దరికీ ధన్యవాదాలు. టెక్సస్ టీబీ ఆస్పత్రి సంగతి నాకు చాలా ధైర్యం ఇచ్చింది. ఇప్పుడు ఇంకో ఆలోచన వస్తోంది. ఇవి కొని బీరువాలో పెట్టి, మళ్లీ మహమ్మారి వచ్చిన రోజు తీస్తే ఎవరికీ పెట్టుకోవడం రాదు, కడగడం రాదు. టీబీ వార్డులో ఇప్పటి నుంచే రోజూ వాడితే? మా పదిమందికీ అలవాటైతే ఆ రోజు మిగతా వార్డులకు మేమే నేర్పిస్తాం. అయితే కడిగే పని ఎవరి మీద పెట్టాలి? నైట్ డ్యూటీలో ఇద్దరమే ఉంటాం.


మందుల స్టోర్ అన్న:

సిస్టర్, నేను సర్కారు దవాఖాన స్టోర్‌లో ఫార్మసిస్టును. రబ్బరు మాస్క్ మంచిదే, కాదనను. కానీ మా వైపు నుంచి చూడండి. 2021లో సెకండ్ వేవ్ వచ్చినప్పుడు రాత్రికి రాత్రి కొత్త మనుషులు డ్యూటీలోకి వచ్చారు. ఔట్‌సోర్సింగ్ వాళ్లు, నర్సింగ్ విద్యార్థులు, వేరే మండలాల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు. వాళ్ల సైజులు ఎప్పుడు చూడాలి, పేర్లు ఎప్పుడు రాయాలి? డబ్బా తెరిచి చేతిలో ఎన్‌95 పెడితే ఐదు నిమిషాల్లో వార్డులోకి పోతారు. కాబట్టి ఎన్‌95లు పూర్తిగా తీసేయకండి. కొనేటప్పుడు తల వెనక్కి పోయే రెండు పట్టీలు ఉన్నవే అడగండి, చెవుల రకం వద్దు. డబ్బా మీద ఐఎస్ 9473, ఎఫ్ఎఫ్‌పీ2 ముద్ర చూసుకోండి, ఇలాంటి మాస్కులకు మన దేశపు ప్రమాణం అది. గడువు తేదీ కూడా చూడాలి, నిల్వ ఉన్నకొద్దీ ఎలాస్టిక్ ప్రాణం పోతుంది. పాత డబ్బాలు ముందు వాడి, కొత్తవి వెనక పెట్టే అలవాటు లేక ఎన్ని పారేశామో.

రబ్బరు మాస్క్ అడిగితే విడిభాగాలు కూడా అదే ఇండెంట్‌లో అడగండి. లోపల గాలి వాల్వ్‌కు పల్చటి రబ్బరు రేకు ఉంటుంది, వేలి గోరంత మందం కూడా ఉండదు. కడిగేటప్పుడు అది సింకులో పోయిందా, వేల రూపాయలు పెట్టి కొన్న మాస్క్ మూలన పడ్డట్టే. రేకులు, పట్టీలు, మరో రెండు జతల ఫిల్టర్లు మొదటిసారే రాకపోతే తర్వాత ఫైలు కదలడానికి ఏడాది పడుతుంది. చెత్త లెక్క కూడా రాయండి. వాడిన ప్రతి ఎన్‌95 పసుపు సంచిలో పడి కాల్చడానికి పోతుంది, దానికి కిలోల చొప్పున కడుతున్నాం. రబ్బరు మాస్క్‌తో ఆ ఖర్చు తగ్గుతుందంటే అకౌంట్స్ వాళ్లు కూడా మీ కాగితం చదువుతారు.


నల్గొండ సిస్టర్:

అన్నా, కొత్తగా వచ్చేవాళ్ల సంగతి నాకు తట్టనే లేదు, మంచి మాట చెప్పారు. రాత్రి కూర్చుని ఇలా రాశాను. ఛాతీ వార్డు, ఐసీయూ, క్యాజువాల్టీ పర్మినెంట్ స్టాఫ్‌కు పేరు రాసిన రబ్బరు మాస్క్, డొప్ప ఉన్న పీ100 ఫిల్టర్లు, విడిభాగాలతో. అదే వరసలో ఆ వార్డులు ఊడ్చే ఆయమ్మలకు, స్ట్రెచర్ తోసే వార్డు బాయ్‌లకు కూడా. వాళ్ల పేర్లు కింద వేరే జాబితాలో కాకుండా నర్సుల పేర్ల మధ్యలోనే రాశాను, ఖర్చు తగ్గించమంటే ముందు కొట్టేసేది కింద ఉన్న జాబితానే కాబట్టి. బయటి నుంచి వచ్చేవాళ్లకు, సర్జరీ వాళ్లకు ఎన్‌95 డబ్బాలు. కడిగే పని ఎవరి మాస్క్ వాళ్లదే, షిఫ్ట్ దిగే ముందు పదిహేను నిమిషాలు డ్యూటీ టైమ్‌లోనే ఇవ్వాలని అడిగాను. డ్యూటీ అయ్యాక సొంత టైమ్‌లో కడుక్కోమంటే ఎవరూ చేయరు, బస్సు పోతుంది. నీళ్ల వేడి, క్లోరిన్ కొలత సింకు పైన గోడకు అంటించే కాగితం మీద ఉంటాయి.

మిగిలింది ఫిట్ టెస్ట్. మా దగ్గర ఆ హుడ్ లేదు, చేసినవాళ్లూ లేరు. జడ్చర్ల తమ్ముడూ, మీ కంపెనీ ఒప్పుకుంటే ఒకరోజు వచ్చి చూపిస్తారా? ఇంకో చిన్న సందేహం. మాలో ముగ్గురికి ముక్కుపుడకలున్నాయి, అందరికీ జుట్టు ముడి ఉంది. ఇబ్బందా?


జడ్చర్ల సేఫ్టీ:

మా మేనేజర్ సార్‌ను అడిగానక్కా. కిట్ తీసుకుని ఆదివారం పొమ్మన్నారు, ఆస్పత్రి నుంచి ఒక లెటర్ మాత్రం ఇప్పించండి. ముక్కుపుడక మాస్క్ లోపలే ఉంటుంది, అంచు కిందికి రాదు. పుడక పెద్దదై రబ్బరును పైకి లేపుతుంటే టెస్ట్‌లోనే తెలిసిపోతుంది, అప్పుడు చిన్నది పెట్టుకోవాలి. జుట్టు ముడి కిందికి వేసుకుంటే పై పట్టీ నడినెత్తిన సరిగ్గా కూర్చుంటుంది, కింది పట్టీ మెడ వెనక్కి పోతుంది. నుదుటి మీద, చెంపల పక్కన వెంట్రుకలు అంచులోకి రాకుండా చూసుకోవాలి. టెస్ట్‌కు పావుగంట ముందు నుంచి టీ తాగొద్దు, ఏమీ తినొద్దు, మంచినీళ్లయితే పర్లేదు. లేకపోతే శాక్రిన్ తీపి నాలుకకు తెలియదు. ఒక్కొక్కరికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి ఆయమ్మలను పొద్దున్నే పిలిపించండి, వాళ్లతోనే మొదలుపెడదాం.